చీటీ మీద చీటీ

రొసారియోలో రాత్రి పదకొండింటికి
సూపర్‌మార్కెట్ షట్టరు సగం దించాక
నా పని మొదలు.
చేతిలో చీటీల తుపాకి.
టిక్, టిక్, టిక్.
నూనె సీసా మెడ మీద, పాలపొడి డబ్బా నుదుటి మీద
రేపటి ధర.

నా పేరు ఎదెల్మా.
ఈ పేటలో ధరలు పెంచేదెవరని అడిగితే
అబద్ధమెందుకు, నేనే.
గంటకింత అని నా చేతిలో పెట్టి
ఆ గంటను మింగే అంకెను
నాచేతే అతికిస్తారు.
తెల్లారి ఆరింటికి అదే తలుపులోంచి
సంచి పట్టుకుని కొనడానికి వస్తాను.
రాత్రి నేనే కొట్టిన చీటీ
నన్ను గుర్తుపట్టదు.

మార్చిలో జీతం పెరిగింది.
యూనియన్ సొలానో టేబుల్ చరిచి చెప్పాడు,
నూటికి పద్దెనిమిది!
చప్పట్లు కొట్టాం.
జూన్ దాకా మళ్లీ నోరెత్తమని సంతకం పెట్టిన సంగతి
చప్పట్లయ్యాక చెప్పాడు.
జూన్ రావాలంటే తొంభై రాత్రులు.
నా తుపాకికి ఒక్క రాత్రి సెలవు లేదు.
పెరుగుట విరుగుట కొరకే అన్నది ఎవరో గాని
జీతం అందుకున్న మర్నాడే అనుంటారు.
కాగితం మీద అంకె ఇంత లావు ఎప్పుడూ లేదు.
సంచి ఇంత తేలిక ఎప్పుడూ లేదు.

ధరల్లో కనబడని లెక్క ఇంకోటుంది.
నేను చేరినప్పుడు రాత్రికి నలుగురం.
ఇర్మా నడుం పట్టేసి మానేసింది,
ఆ చోట్లో ఎవర్నీ పెట్టలేదు.
ఇంకొకామె పేరే మరిచిపోయాను, అంత తొందరగా తీసేశారు.
ఓతీలియాని ఏజెన్సీ కిందకి మార్చారు:
అవే అరలు, అదే నిచ్చెన,
జీతం మాత్రం మూడో వంతు కోత.
నలుగురి నడక ఇద్దరం నడుస్తున్నాం.
మిగతా ఇద్దరి డబ్బు ఎటు పోయిందని
మేనేజర్ బెనితెస్‌ని అడిగితే
"దేశం పరిస్థితి" అన్నాడు
కొత్త కారు తాళంచెవి వేలికి తిప్పుతూ.
కాసేపు దేశం
అతని వేలి చుట్టూ తిరిగింది.

ఇంట్లో పెద్ద మార్పేం లేదు.
బస్సెక్కడం మానేశాను, ముప్పై రెండు వీధులు.
మాతే ఆకును రెండోసారి కాస్తాను.
మూడోసారి అది ఉత్త వేడినీళ్లు,
ఆకు పేరు తెలిసిన నీళ్లు.
నా కొడుకు నహుయెల్ దవడ పన్ను
"వచ్చే నెల"లో ఉంది, ఏడాదిగా అక్కడే ఉంది.
వాడు ఎడమవైపు నమలడం నేర్చుకున్నాడు.
ఆదివారం గోడవతల మాంసం కాలుతుంటే
కిటికీ మూస్తాను.
వాడు అడుగుతాడని కాదు.
అడగడం మానేశాడని.

మొన్న రాత్రి మూడో వరుసలో, అట్టడుగు అర వెనక
పీచ్ పండ్ల డబ్బా ఒకటి దొరికింది.
ఎవరూ కొనలేదు, ఎవరూ పారేయలేదు,
వచ్చిన ప్రతి ధరా దాని మీదే వాలింది.
గోటితో గీకాను.
ఉల్లిపొరల్లా పదకొండు చీటీలు ఊడొచ్చాయి.
అడుగుదాని మీద నేను పనిలో చేరిన నెల.
ఆ ధరకి నా గంటకి మూడు డబ్బాలు.
ఇప్పుడు ఒక్కటి,
అదీ లోపలి పాకం వంపేస్తే.

పదకొండింటినీ వరసగా
జీతం కాగితం వెనక అతికించాను.
ఓతీలియా చూసింది.
తుపాకి కింద పెట్టి, నా కాగితం కూడా తెస్తానుండు అంది.
గురువారానికి బేకరీవాళ్లు, గిడ్డంగివాళ్లు,
చేపల కౌంటరు ముసలాయనతో సహా
ఇరవై మూడు కాగితాలు.
సొలానో టేబుల్ నిండిపోయింది,
చరచడానికి చోటు లేదు.
"జూన్ దాకా..." అని మొదలుపెట్టాడు.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఎవరూ లేవలేదు కూడా.

ఆ రాత్రీ పనికెళ్లాను.
ఉప్పు పెరిగింది.